గొంతు మార్చిన బండి

గేదె తల ఎత్తింది. చెవులు రెండూ నా వైపు తిరిగాయి. ప్రమాదం అని నాకు తెలిసింది సరిగ్గా ఆ క్షణంలోనే. అప్పటికింకా ఏమీ జరగలేదు. రెండు పక్కలా మామిడి తోటలు, మధ్యలో రోడ్డు, నా నడుము చుట్టూ నా కూతురి చేతులు, మా ఇద్దరి మధ్య నా వీపుకి చెంప ఆనించి నిద్రపోతున్న నా కొడుకు. బండి ఆపగలిగేదాన్ని. ఆపలేదు. ఐదేళ్లయింది. నా లోపల ఆ గేదె ఇంకా తల దించలేదు.

ఇది ఎవరికీ చెప్పలేదు. మా వారికి చెప్పలేదు, మా అమ్మకి చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే మీకు చెప్పగలనేమో అనిపిస్తోంది. పిల్లలిద్దరూ పక్క గదిలో పడుకున్నారు. పెన్ను గీసుకునే చప్పుడుకి లేస్తారేమో అని మధ్యమధ్యలో ఆగుతున్నాను. అంత చిన్న చప్పుడుకి ఎవరైనా లేస్తారా? లేవరు. అయినా ఆగుతున్నాను.

మాది తిరువూరు. మా వారు పొక్లెయిన్ ఆపరేటరు. పని ఎక్కడుంటే అక్కడికి వెళ్తారు, రెండు మూడు నెలలకోసారి ఇంటికొస్తారు. నేను డిగ్రీ, బీఈడీ చేసి అప్పట్లో ఎ.కొండూరులో ఒక ప్రైవేటు స్కూల్లో సోషల్ చెప్పేదాన్ని. పిల్లల్ని కూడా అక్కడే చేర్చాను. పాప ఒకటో తరగతి, బాబు నర్సరీ. మొదట్లో ముగ్గురం షేర్ ఆటోలోనే వెళ్లి వచ్చేవాళ్లం. ఆటో నిండితే గాని కదలదు. నిండిన తరవాత కూడా ఇంకొకరి కోసం చూస్తుంది. బాబు ఒళ్లో, పాప ఎవరి ఒళ్లోనో.

మా వారి బండి ఇంట్లో ఊరికే పడి ఉండేది. చిన్న క్రూయిజర్ బండి. సీటు బాగా కిందకి, హ్యాండిలు వెడల్పుగా, కాళ్లు ముందుకి చాపుకుని దర్జాగా కూర్చునే రకం. సీటు కిందకి ఉండటం వల్ల నా కాళ్లు రెండూ నేలకి ఆనేవి. ఒకసారి సెలవుల్లో ఆయనే నేర్పించారు. చూడటానికి ఎంత దర్జాగా ఉండేదో దాని శబ్దం అంత సన్నగా ఉండేది. మా వీధిలో ఒక పెద్దావిడ ప్రతిరోజూ గుమ్మంలో కూర్చుని అనేది, "చూస్తే ఎద్దు, అరుపు మేకపిల్లదీను." నేను కూడా నవ్వేదాన్ని.

ఆ దారిలో ఒక కల్వర్టు ఉంది. సాయంత్రం పిల్లలకి ట్యూషన్ చెప్పి నేను బయల్దేరేసరికి ఐదున్నర దాటేది. చలికాలంలో తోటల మధ్యకి వచ్చేసరికి మసక పడిపోయేది. కల్వర్టు గట్టు మీద ఇద్దరు మగవాళ్లు కూర్చునేవాళ్లు. మొదట్లో చూసేవాళ్లు, అంతే. తరవాత వాళ్ల బండి స్టార్ట్ చేసి నా పక్కన నడిపేవాళ్లు. మేడం, బండి మీదా, సారుదా? సారు ఊళ్లో లేరా? ఇంతే. ఇంతకు మించి ఒక్క మాట అనలేదు. ఎవరికైనా చెబితే దీనికేనా అంటారు. ఒకరోజు ఊరి మొదట్లో పెట్రోలు బంకు దాకా వెంట వచ్చారు. ఇంటికొచ్చాక బాబుని దింపడానికి నా చేతులు హ్యాండిలు నుంచి ఊడి రాలేదు.

నన్ను ఎక్కువగా భయపెట్టింది వేరే విషయం. నేను మలుపు తిరిగి కనబడక ముందే వాళ్లు లేచి నిలబడి ఉండేవాళ్లు. మా వైపు ఎవరి బండి వస్తోందో శబ్దం బట్టి చెప్పేస్తారు. పాలవాడిది, కరెంటాయనది, ఎరువుల కొట్టాయనది. నాది కూడా తెలుసు వాళ్లకి. ఒంటరి ఆడది వస్తోందని నా బండే నాకంటే ముందు వెళ్లి చెబుతోంది. ఆ సన్నటి గొంతే లేకపోతే? అదే బండి, మగవాడి గొంతుతో వస్తే?

అలా వెళ్లాను మెకానిక్ దగ్గరికి. పేరు రాయను. బైపాస్ దగ్గర రేకుల షెడ్డు ఉండేది ఆయనది. అందరూ భాయ్ అనే పిలిచేవాళ్లు. బండ్ల గొంతు మార్చడంలో ఆయనకి పేరు. గంపలగూడెం నుంచి కూడా కుర్రాళ్లు వచ్చేవాళ్లు. శబ్దం లావుగా రావాలి భాయ్ అని అడిగితే ఆయన ముందు నా మొహం చూశారు, తరవాత బండి చూశారు. ఎందుకని అడగలేదు. సైలెన్సర్ లోపల అడ్డు రేకులున్న ఒక గొట్టం ఉంటుందట, శబ్దాన్ని మింగేది అదేనట. చాలామంది అది మొత్తం పీకించుకుంటారు, దానివల్ల గొంతు లావవ్వదు, పగులుతుంది అని చెప్పారు. ఆయన దాన్ని తీసి పక్కన పెట్టి, దాని చోట కొంచెం పొడవు, కొంచెం వెడల్పు ఉన్న ఇంకో గొట్టం తయారుచేసి బిగించారు. స్టార్ట్ చేసి చెవి పెట్టి విన్నారు. నచ్చలేదు. విప్పారు. మళ్లీ కోశారు. మూడోసారికి బండి మాట్లాడింది.

మాట్లాడింది అనే రాస్తాను. కడుపులోంచి వచ్చిన గొంతు అది. షెడ్డు రేకులు సన్నగా వణికాయి. నా గుండెలో ఏదో కుదురుగా కూర్చున్నట్టయింది. పెళ్లయ్యాక, పిల్లలు పుట్టాక, ఇది నాది అని నేను అనుకున్న మొదటి వస్తువు అదే. ఈ మాట దాచను.

ఆయన రెండు జాగ్రత్తలు చెప్పారు. ఒకటి, పోలీసులు ఆపితే ఫైన్ వేస్తారు. రెండోది, యాక్సిలేటర్ ఒక్కసారిగా వదలొద్దు. స్పీడు మీద ఉండి ఠక్కున వదిలితే గొట్టంలో పటాసులా పేలుతుంది, మెల్లగా వదలండి టీచరమ్మా అన్నారు. నేను ఒకటే అడిగాను. మా వారికి తెలియకూడదు, ఎవరికీ తెలియకూడదు. నేనెవరికీ చెప్పను అన్నారు. ఆ మాటని ఆయన ఎంత దూరం మోస్తారో ఆ రోజు నాకు తెలియదు.

మర్నాడు సాయంత్రం కల్వర్టు మీద ఇద్దరూ కూర్చునే ఉన్నారు. లేచి నిలబడలేదు. ఎవరో మగవాడు వస్తున్నాడనుకున్నారు. హెల్మెట్టు కింద నేనని తెలిసేసరికి దాటేశాను. ఆ మరుసటి రోజు వాళ్ల ముందుకి రాగానే కావాలనే యాక్సిలేటర్ ఠక్కున వదిలాను. పేలింది. ఒకడి చేతిలో ఫోను కింద పడింది. హెల్మెట్టు లోపల నేను నవ్వుకున్నాను. వెనక పాప పగలబడి నవ్వింది. మళ్లీ పేల్చమ్మా అంది. తరవాత అది మా ఇద్దరి ఆట అయిపోయింది. దారికి అడ్డంగా కుక్కలుంటే పేల్చేదాన్ని. కోతులుంటే పేల్చేదాన్ని. జాగ్రత్త చెప్పినదాన్నే ఆయుధం చేసుకున్నాను. స్కూలు దగ్గర, మా వీధిలో మాత్రం ఎవరూ వినకుండా ఇంజను ఆపి తోసుకునేదాన్ని. వారం తిరక్కుండా కల్వర్టు ఖాళీ అయింది. భయం పోయింది. నా భయం అని రాయాలి.

ఆ రోజు ఇంకా ఆలస్యమైంది. మామిడి పూత మీద ఉంది. తోటల్లో మందు కొడుతున్నారు, గాలంతా ఘాటుగా ఉంది. బాబు నిద్రపోతాడని చున్నీతో ముగ్గుర్నీ కలిపి నడుముకి కట్టుకున్నాను. మలుపు దాటగానే ముందు ఒక ముసలావిడ రెండు గేదెల్ని తోలుకుంటూ రోడ్డు దాటిస్తోంది. ఆమె వీపు నా వైపు ఉంది. పలుపు చేతికి రెండు చుట్లు చుట్టుకుని ఉంది. మా వైపు అందరూ అంతే చేస్తారు. రోడ్డు మీద గేదె జారిపోకుండా పలుపుని మణికట్టుకి చుట్టేసుకుంటారు. నేను చూశాను. ఆ రెండు చుట్లూ చూశాను. ఐదేళ్లుగా నాకు నేను చెప్పుకుంటున్నది ఏమిటంటే, వేగం తగ్గించబోయి యాక్సిలేటర్ వదిలాను, దానంతట అదే పేలింది. ఎంత బాగుంటుందో కదా అలా జరిగి ఉంటే. వేగం తగ్గించాలనుకునేవాళ్లు మెల్లగా వదులుతారు. నాకు ఆ తేడా చేతికి తెలుసు. గేదె తల ఎత్తింది, బెదురుతోందని తెలిసింది, తెలిసి కూడా అవి పక్కకి జరుగుతాయని, ఇంటికి త్వరగా పోవచ్చని, ఠక్కున వదిలాను. వెనక నుంచి పాప ఒక మాట అంది, నేను వదలడానికి ముందు. ఆ మాట ఇక్కడ రాయలేను. చివర రాస్తాను.

పేలింది. గేదె ఒక్క గెంతు గెంతి రోడ్డు దిగి తోట కంచె వెంట పరుగు తీసింది. ఆవిడ ఆ చేతితోనే వెళ్లింది. వెళ్లింది అంటే, గేదె లాక్కుపోయింది. అరుపు రాలేదు. అరుపు వచ్చి ఉంటే ఆగి ఉండేదాన్నా? ఖాళీ అయిన రోడ్డు మీద ఒక రబ్బరు చెప్పు మిగిలింది. దాని పక్కనుంచే దాటాను. అమ్మా, మామ్మ పడిపోయింది అని పాప అరిచింది. నేను స్పీడు పెంచాను. తోటలో మందు కొట్టేవాళ్లు పరిగెత్తుకొస్తున్న అలికిడి వినబడింది. మనుషులున్నారు, వాళ్లు చూసుకుంటారు అనుకున్నాను. ఎంత తొందరగా దొరికిందో నాకు ఆ సాకు.

ఇంటికొచ్చాక చున్నీ ముడి విప్పలేకపోయాను. చివరికి కత్తెరతో కత్తిరించాను. బండి మీద పట్టా కప్పాను.

మర్నాటి నుంచి మళ్లీ షేర్ ఆటో. ఆటోలో అందరూ అదే మాట్లాడుకుంటున్నారు. ముసలావిడ మణికట్టు నలిగిపోయిందట, వేళ్లు నిలబడతాయో లేదో అని విజయవాడ తీసుకెళ్లారట. చూసినవాళ్లు ఎవరూ లేరు. విన్నవాళ్లే అందరూ. ఎవడో సైలెన్సర్ పీకించిన కుర్రాడు అని తేల్చేశారు. ఆ గొంతు విని ఆడమనిషిని, ఇద్దరు పిల్లల్ని ఎవరు ఊహిస్తారు? తెలిసింది కల్వర్టు మీద ఇద్దరికే, చెబితే ముందు వాళ్ల సంగతే బయటపడుతుంది. ఏ గొంతు కోసం అయితే నేను ఆ షెడ్డుకి వెళ్లానో ఆ గొంతు నన్ను పూర్తిగా దాచేసింది. డ్రైవరు అద్దంలో నన్ను చూస్తూ, మగపిల్లల్ని ఇలా వదిలేస్తే అంతే మేడం, మీరు టీచర్లు మీరైనా చెప్పాలి అన్నాడు. అవునండి అన్నాను. పాప నా మొహంలోకి చూస్తోంది. అవునండి అనే అన్నాను.

అలాంటి గొంతు ఎవరి షెడ్డులో తయారవుతుందో ఊరికంతా తెలుసు. పైగా భాయ్ సాయంత్రాలు బండ్లు సరిచూడటానికి ఆ దారినే వెళ్లేవారు. మూడో రోజు ముసలావిడ కొడుకులిద్దరూ షెడ్డు మీదకి వెళ్లారు. ఎవడి బండికి చేశావో చెప్పు, చెప్పకపోతే నువ్వే అన్నారట. ఆయన చెప్పలేదు. చేసిన బండ్లు చాలా ఉన్నాయి, ఎవరని చెప్పను అన్నారట. కొట్టారు. షెడ్డు ముందు, రోడ్డు మీద, ఆయన కూతురు మధ్యాహ్నం క్యారేజీ తెచ్చిన వేళ.

ఇది నేను స్టాఫ్ రూములో విన్నాను. నోట్సులు దిద్దుతూ విన్నాను. ఎర్ర పెన్ను ఆగలేదు.

వారం తరవాత బండి తీసుకుని వెళ్లాను. స్టార్ట్ చేయలేదు. చేస్తే వీధి వింటుంది. మా ఇంటి నుంచి బైపాస్ దాకా ఇంజను ఆపి ఉన్న బండిని తోసుకుంటూ వెళ్లాను. దారిలో ఇద్దరు ముగ్గురు, పెట్రోలు అయిపోయిందా టీచరమ్మా, తోయమంటారా అని అడిగారు. వద్దండి అని నవ్వాను. ప్రతి అడుగూ ఎవరో నా భుజం మీద చెయ్యి వేస్తారన్నట్టే నడిచాను.

భాయ్ పెదవి మీద చీలిక ఇంకా మానలేదు. స్టూలు మీద కూర్చుని ఉన్నారు. షెడ్డులో బండ్లేమీ లేవు.

"స్టార్ట్ అవ్వట్లేదా టీచరమ్మా?"

"అవుతుంది."

ఆయన నన్ను చూశారు. బండిని చూశారు. లేచి లోపలికి వెళ్లి పేపర్లో చుట్టి పెట్టిన గొట్టం తెచ్చారు. నా బండిలోంచి తీసిందే.

"తీసినవి పారెయ్యను నేను. ఎప్పుడో ఒకరోజు వచ్చి అడుగుతారు."

దాన్నే మళ్లీ బిగించారు. పావుగంట పట్టిందేమో. నేను ఎన్నిసార్లు నోరు తెరిచానో. భాయ్, ఆ రోజు నేనే. నాలుగు మాటలు. అవి రాలేదు. ఆయన కిక్ కొట్టారు. మేకపిల్ల అరిచింది. ఆయన ఆపేసి, చేతులు గుడ్డకి తుడుచుకుంటూ, నా వైపు చూడకుండా అడిగారు.

"పిల్లలున్నారా ఆ రోజు బండి మీద?"

"ఉన్నారు."

"మా పాప రోజూ అడుగుతోందమ్మా, నిన్నెందుకు కొట్టారు నాన్నా అని. ఏం చెప్పాలో తెలియట్లేదు." గుడ్డ మడత పెట్టారు. "మీ పిల్లలకి మీరేం చెప్పారు?"

కోపం లేదు ఆ గొంతులో. నిజంగా తెలుసుకోవాలని అడిగారు, ఒక తండ్రి ఒక తల్లిని అడిగినట్టు. నేను బండి ఎక్కి వచ్చేశాను.

నెల తిరక్కుండా షెడ్డు స్థలం వాళ్లు ఆయన్ని ఖాళీ చేయించారు. గంపలగూడెంలో పంక్చర్లు వేసుకుంటున్నారని విన్నాను. ఆయన నా పేరు ఎందుకు చెప్పలేదు? ఇచ్చిన మాట కోసమా? పిల్లలున్న దాన్నని జాలా? చెప్పినా ఎవరూ నమ్మరనా? మూడోది అయితే బాగుండును అనుకుంటాను, నా బరువు కొంచెం తగ్గుతుంది. మొదటిదే అయి ఉంటుందని తెలుసు. రెండుసార్లు గంపలగూడెం వెళ్దామని బస్టాండు దాకా వెళ్లి తిరిగొచ్చాను. మా వారి పరువు, నా ఉద్యోగం, పోలీసులు, పిల్లలు. ఇవన్నీ నిజాలే. నిజాల వెనక కూడా దాక్కోవచ్చని అప్పుడు తెలిసింది.

మా వారు వచ్చినప్పుడు బండి విని, బాగానే చూసుకున్నావే, కొత్తదానిలాగే ఉంది అన్నారు.

ముసలావిడ బతికే ఉంది. సంతలో కనబడుతుంది. కుడి చెయ్యి ఎప్పుడూ కొంగు కింద ఉంటుంది. వేళ్లు ముడుచుకోవట. పాలు పితకలేక గేదెల్ని అమ్మేశారట. ఒకసారి కూరగాయల దగ్గర నా పక్కనే నిలబడి, అమ్మా ఈ సంచీ కొంచెం పట్టుకో అంది. పట్టుకున్నాను. నూరేళ్లు బతుకు తల్లీ అంది. నేను వంకాయలు అక్కడే వదిలేసి వచ్చేశాను.

ఇన్నేళ్లూ మోసినదాన్ని ఇప్పుడెందుకు రాస్తున్నాను? నాలుగు రోజుల కిందట సాయంత్రం పిల్లలిద్దరూ వరండాలో హోంవర్కు చేసుకుంటున్నారు. వీధిలోంచి ఒక బండి పోయింది. లావు గొంతు. మలుపు దగ్గర ఠక్కున పేలింది. నేను వంటింటి కిటికీలోంచి చూస్తున్నాను. మా పాప, పదకొండేళ్ల పిల్ల, పుస్తకంలోంచి తల ఎత్తకుండానే రెండు చేతులూ చాపి తమ్ముడి చెవులు మూసింది. శబ్దం పోయాక తీసేసింది. మళ్లీ రాసుకుంటోంది. వాడు కూడా ఏంటని అడగలేదు. అంటే అది వాళ్లకి అలవాటు. ఎన్నాళ్లుగా? నేను చూడని ఎన్ని సాయంత్రాలు?

దానికి గుర్తుంది. గుర్తుండి కూడా ఐదేళ్లుగా నన్ను ఒక్క మాట అడగలేదు. పోలీసులు వస్తారని కాదు ఇప్పుడు నా భయం. దాని లోపల ఏముందో తెలియదు. అక్కడ ఆ పిల్ల ఒక్కతే ఉంది. తలుపు వేసింది నేనే.

చివర రాస్తానన్నది రాస్తాను. రాస్తే తీరిపోయేది ఏమీ లేదు, ఆవిడ వేళ్లు ముడుచుకోవు, భాయ్ షెడ్డు తిరిగి రాదు. అయినా రాయడం మొదలుపెట్టాక నా ఊపిరి నాకు వినబడుతోంది. చాలా కాలమైంది అది వినబడి. భాయ్ నన్ను అడిగిన ప్రశ్నకి జవాబు కూడా ఇదే.

ముసలావిడ పడిపోయిన మర్నాడు పొద్దున పాపకి జడలు వేస్తున్నాను. బాబు పీట మీద కూర్చుని ఇడ్లీ తింటున్నాడు. పాప రాత్రంతా సరిగా నిద్రపోలేదు. రిబ్బను ముడి వేస్తుండగా వెనక్కి తిరక్కుండా మెల్లగా అడిగింది.

"అమ్మా, నేనే కదా నిన్న పేల్చమ్మా, గేదెలు జరుగుతాయి అన్నాను. అందుకే మామ్మ పడిపోయిందా?"

ఒక్క మాట చాలు. నువ్వు కాదమ్మా, నేను. అంతే చెప్పాల్సింది. ఆరేళ్ల పిల్లకి అర్థమయ్యేదే. కానీ ఆ మాట అంటే మేం ఆ దారిన వచ్చినట్టు ఒప్పుకున్నట్టే. రేపు అది స్కూల్లో ఎవరితోనైనా అంటే? ఆటోలో అంటే? నా భయం ఆ పిల్ల కంటే పెద్దదైపోయింది. రిబ్బను గట్టిగా బిగించాను.

"ఏ మామ్మ? నిన్న మనం ఆటోలో కదా వచ్చాం," అన్నాను.

నేను బాబు వైపు తిరిగి, అవునా నాన్నా, ఆటోలో కదా అన్నాను. వాడు నోటి నిండా ఇడ్లీతో, ఆటోలో అన్నాడు. మూడేళ్లవాడు, దారంతా నిద్రపోయినవాడు. పాప చాలాసేపు తమ్ముణ్ణి చూసింది. తరవాత నన్ను చూసింది. తరవాత బ్యాగు తగిలించుకుని, "అవును, ఆటోలో" అంది.